జత కట్టించే ముందు

సూర్యాపేటలోనో కోదాడలోనో ఒకరింట్లో ఆడ ల్యాబ్ (ల్యాబ్రడార్) కుక్క ఎదకొచ్చిందంటే మొదట మారేది ఆ ఇంటాయన వాట్సాప్ స్టేటస్. ‘క్రాసింగ్‌కి మేల్ ల్యాబ్ కావాలి, అర్జెంట్.’ పొద్దుగూకేసరికి నాలుగైదు ఫొటోలు వచ్చి పడతాయి. తల పెద్దగా ఉన్నది, ఒళ్లు నిగనిగలాడేది, దగ్గర్లో దొరికేది చూసి ఫోన్ చేస్తారు. ‘అన్నా, ఫీజు తీసుకుంటారా, ఒక పిల్ల తీసుకుంటారా?’ బేరం ఐదు నిమిషాల్లో తెగుతుంది. రెండు నెలలకు ఆరో ఎనిమిదో పిల్లలు పుడతాయి. వాటి తుంటి, కళ్లు, గుండె, గుణం ఎలా ఉండబోతున్నాయో సగం ఆ బేరంలోనే తేలిపోయి ఉంటుంది.

ఇవే ఊళ్లలో గొర్రెల కాపరి విత్తనపు పొట్టేలును కొనేముందు దాని తల్లిని చూస్తాడు, అది ముందు మందలో వేసిన పిల్లల్ని చూస్తాడు. గేదెకు సూది వేయించే రైతు చేతికి వచ్చే వీర్యపు స్ట్రా మీద నంబరు ఉంటుంది, ఆ నంబరు వెనక తల్లి పాల లెక్క ఉంటుంది. కుక్క దగ్గరికి వచ్చేసరికి ఈ జాగ్రత్తంతా ఎటో పోతుంది. పాలు పితకం, మాంసం తూచం కాబట్టి లెక్క అవసరమనిపించదు. నష్టం మాత్రం ఎక్కడికీ పోదు. మూడేళ్ల తర్వాత వెనక కాళ్లు ఈడ్చే కుక్కగా కొనుక్కున్నవాడి ఇంట్లో తేలుతుంది.

మగ కుక్క ఎంపిక గురించి చట్టం ఒకటి చెబుతుంది, పశువైద్యం ఇంకొకటి చెబుతుంది, జన్యుశాస్త్రం మరొకటి. పెంపకందార్ల మధ్య తెగని వాదాలు వేరే ఉన్నాయి. హైదరాబాద్–విజయవాడ రహదారి మీదున్న సూర్యాపేట, కోదాడ, వాటికి పక్కనే సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న మిర్యాలగూడ వంటి పట్టణాల్లో నిలబడి చూస్తే ఇందులో ఏది ఆచరణకు వస్తుంది, ఏది కాగితానికే పరిమితమవుతుంది అన్నదే ఇక్కడి ప్రశ్న.

చట్టం గీసిన గీత

1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద కేంద్రం 2017లో కుక్కల పెంపకం, విక్రయాల నిబంధనలు తెచ్చింది. పిల్లల్ని అమ్మడం కోసం కుక్కల్ని ఈనించేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదు కావాలి. జత కట్టించే మగదానికీ ఆడదానికీ 18 నెలలు దాటి ఉండాలి, రెండూ ఆరోగ్యంగా ఉన్నాయని ముందుగా పశువైద్యుడు ధ్రువీకరించాలి. ఆడకుక్క ఏడాదికి ఒక్కసారే ఈనాలి, జీవితం మొత్తంలో ఐదు ఈతలు దాటకూడదు, ఎనిమిదేళ్లు నిండాక కట్టించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

ఈ నిబంధనల్లో ఆడకుక్క శరీరం మీద పడే భారానికి గట్టి హద్దులే ఉన్నాయి. మగదాని విషయంలో వయసు, డాక్టర్ ధ్రువపత్రం దగ్గరే ఆగిపోతాయి. ఆ పత్రం ఆనాటి ఆరోగ్యానికే సాక్ష్యం. జ్వరం లేదు, చర్మవ్యాధి లేదు, టీకాలు వేశారు అని చెబుతుంది. ఆ కుక్క తన పిల్లలకు ఏ జబ్బు పంచుతుందో స్టెతస్కోప్‌కు వినపడదు. కాబట్టి చట్టం పాటిస్తే బాధ్యత తీరిపోయిందనుకోవడానికి లేదు. ఇది అందరూ దాటవలసిన మొదటి గడప. మన ఊళ్లలో ఆ గడప తొక్కేవాళ్లే అరుదు.

పేపర్లు ఉన్నాయంటే

‘పేపర్లు ఉన్న కుక్కండీ’ అన్న మాటకు మార్కెట్లో చాలా విలువ ఉంది. చెన్నై కేంద్రంగా పనిచేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పత్రం అది. 1896లో పుట్టిన సంస్థ. పత్రం మీద తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల పేర్లు ఉంటాయి. మగ కుక్క ఎంపికలో దీనికి ఒక అసలైన ఉపయోగం ఉంది. మీ ఆడకుక్క పత్రాన్ని, అవతలి మగదాని పత్రాన్ని పక్కపక్కన పెట్టి, రెండింటిలో ఒకే పేరు ఎన్నిసార్లు వచ్చిందో చూడొచ్చు.

ఆ పేర్లను లెక్కలోకి మార్చేదే అంతఃప్రజనన గుణకం. తండ్రీకూతుళ్లను కలిపితే పుట్టే పిల్లలకు అది 25 శాతం. తండ్రి ఒకటై తల్లులు వేరైనవాటిని కలిపితే 12.5. అన్నదమ్ముల పిల్లల స్థాయి చుట్టరికమైతే 6.25. ఈ అంకె పెరిగేకొద్దీ దాగి ఉన్న లోపాలు రెండు వైపుల నుంచీ వచ్చి ఒకే పిల్లలో కలిసే అవకాశం పెరుగుతుంది. ఈతలో పిల్లల సంఖ్య తగ్గుతుంది, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది.

పేపర్లు చెప్పనిది ఆరోగ్యం. వంశం శుద్ధంగా ఉండి తుంటి పాడైన కుక్కకూ పత్రం వస్తుంది. చిన్న పట్టణాల్లో ఈ తేడా ఎవరూ విడదీసి చెప్పరు. పేపర్లు అన్న ఒక్క మాటతో అన్ని ప్రశ్నలకూ జవాబు వచ్చినట్టు బేరం ముగుస్తుంది. పేపర్లు లేని కుక్కలైతే ఇంకో చిక్కు. ఒకే కెన్నెల్ నుంచి పిల్లలు తెచ్చుకున్న రెండిళ్ల వాళ్లు, అవి ఒకే తండ్రి పిల్లలని తెలియకుండానే జత కట్టించవచ్చు. అందుకే ‘ఎక్కడ కొన్నారు, ఏ సంవత్సరం, తండ్రి ఎవరిది’ అన్నది ధర కన్నా ముందు అడగవలసిన మాట.

ఎక్స్‌రే, రక్తం, డీఎన్‌ఏ

ఏ జాతికి ఏ పరీక్ష చేయించాలన్న దానిపై ప్రపంచవ్యాప్తంగా పెద్దగా భేదాభిప్రాయం లేదు. ల్యాబ్, జర్మన్ షెపర్డ్, రాట్‌వీలర్ జాతులకు తుంటి, మోచేతి కీళ్ల ఎక్స్‌రే. తుంటి ఎముక బంతి తన గిన్నెలో సరిగా కూర్చోకపోవడాన్నే హిప్ డిస్‌ప్లేసియా అంటారు. అమెరికాలో తుంటికి తుది గ్రేడ్ ఇవ్వాలంటే కుక్కకు 24 నెలలు నిండాలి. అంతకుముందు తీసిన ఎక్స్‌రే తాత్కాలికమే. అంటే మన చట్టం అనుమతించే 18 నెలల మగ కుక్కకు తుంటి సంగతి ఇంకా పూర్తిగా తేలనే లేదు.

చెంప లోపలి నుంచి తీసిన నమూనాతో డీఎన్‌ఏ పరీక్ష చేసి తెలుసుకోగలిగిన జబ్బులు కొన్ని ఉన్నాయి. ల్యాబ్‌లలో క్రమంగా చూపు పోగొట్టే ప్రోగ్రెసివ్ రెటినల్ అట్రోఫీ, పరుగెత్తితే కుప్పకూలే వ్యాధి, షెపర్డ్‌లలో వెన్నుపాము క్షీణత అలాంటివి. వీటి లెక్క సులువు. లోపమున్న జన్యువు ఒక్కటే ఉన్న కుక్కకు ఏ లక్షణమూ కనపడదు. అలాంటివి రెండు కలిస్తే ప్రతి పిల్లకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అదే వాహక కుక్కను లోపం లేని దానితో కలిపితే ఒక్క పిల్లకూ ఆ జబ్బు రాదు. కాబట్టి పరీక్షలో వాహకమని తేలిన మగ కుక్కను పక్కన పడేయనక్కర్లేదు, దానికి తగిన జోడీ చూస్తే చాలు. ఫలితం దాచిపెడితేనే ప్రమాదం.

డాబర్‌మన్ సంగతి వేరు. గుండె కండరం సాగి బలహీనపడే జబ్బు ఆ జాతిని పట్టి పీడిస్తోంది. యూరప్‌లో జరిగిన అధ్యయనంలో సగానికి పైగా డాబర్‌మన్‌లు జీవితంలో ఏదో ఒక దశలో దాని బారిన పడతాయని తేలింది. అది తరచూ నడివయసులోనే బయటపడుతుంది. రెండేళ్ల మగదాని గుండె బాగుందని వచ్చిన రిపోర్టు ఐదేళ్ల తర్వాతి సంగతి చెప్పదు. ఇక్కడ నిజమైన పరీక్ష వంశమే. దాని తండ్రి, తాత ఎన్నేళ్లు బతికాయి, ఎలా పోయాయి అన్నదే చూడాలి.

మరి ఈ పరీక్షలన్నీ మన మూడు పట్టణాల్లో జరుగుతాయా? డీఎన్‌ఏ నమూనాకు కొరియర్ చాలు. మత్తు ఇచ్చి, కాళ్లు చాపి, సరైన కోణంలో తీసే తుంటి ఎక్స్‌రేకు అన్ని వసతులూ ఊళ్లో దొరకవు. పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్న రాజేంద్రనగర్‌కో, హైదరాబాద్‌లోని మంచి క్లినిక్‌కో వెళ్లాల్సి వస్తుంది. కోదాడ వాళ్లకు అటు విజయవాడ దాటితే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అలవికాని దూరాలేం కావు. ఒక్క పిల్ల ధరలో కొంత ఖర్చుతో అయిపోయే పని. అడిగేవాళ్లు లేరు గనుకే మగ కుక్కల యజమానులు చేయించడం లేదు.

ఒంటి మీద చెయ్యేసి

ఊళ్లోనే చేయగల పరీక్షలూ తక్కువేం కాదు, వాటికి డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. మగ కుక్కను నేల మీద నడిపించి వెనక నుంచి చూడాలి. తర్వాత కాస్త పరుగెత్తించాలి. వెనక కాళ్లు రెండూ ఒకేసారి కుందేలులా ఎగిరేస్తుంటే తుంటిని అనుమానించాలి. పెదవి ఎత్తి పళ్ల కలయిక చూడాలి. పై పళ్లు కింది పళ్లను కొద్దిగా కప్పుతూ కత్తెరలా కలవాలి. వృషణాలు రెండూ సంచిలోకి దిగి ఉన్నాయో లేదో చేత్తో తడిమి చూడాలి. ఒకటి కడుపులోనే ఉండిపోయిన మగది పిల్లల్ని పుట్టించగలదు, కానీ ఆ లోపం వంశంలో దిగుతుంది. ‘ఒకటి ఉన్నా పని నడుస్తుంది’ అనేవాళ్లు ఉంటారు. నడుస్తుంది నిజమే, అందుకే దానితో కట్టించకూడదు.

తోలు వెనక్కి జరిపి జననాంగం చూడటం చాలామంది సిగ్గుపడి వదిలేసే పని. మన దగ్గర తప్పనిసరిగా చూడవలసింది అదే. వీధి కుక్కలతో కలిసి తిరిగిన మగవాటిలో జతకట్టడం ద్వారా అంటుకునే కణితి ఉండొచ్చు. ఎర్రగా, తడిగా, తాకితే రక్తం కారే గడ్డ. విన్‌క్రిస్టిన్ సూదులతో సాధారణంగా నయమవుతుంది గాని, తెలియకుండా కట్టిస్తే మీ ఆడకుక్కకు అంటుతుంది. బ్రూసెల్లా కానిస్ మరింత మొండిది. గర్భాలు పోతాయి, మగవాటి వీర్యం పాడవుతుంది, పూర్తిగా నయమవడం కష్టం, మనుషులకూ సోకగలదు. జతకు ముందు రెండు కుక్కల రక్తమూ పరీక్షకు పంపమని డాక్టర్‌ను అడగడం అతి జాగ్రత్తేం కాదు. పిడుదులు ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో టిక్ ఫీవర్ ఉందేమో కూడా చూడాలి.

కోపమా, నిబ్బరమా

మిర్యాలగూడ రైస్ మిల్లుకో, ఊరి బయట కోళ్ల ఫారానికో కుక్క కావాలనేవాళ్లు మగదాని కోపం చూసి మురిసిపోతారు. గొలుసు తెంచుకునేలా మొరిగితే ‘మంచి గార్డ్’ అంటారు. పెంపకందార్లలో అనుభవజ్ఞుల మాట దీనికి పూర్తిగా భిన్నం. అలా మొరిగే కుక్కల్లో చాలావాటిని నడిపించేది భయం. గుణం పూర్తిగా పెంపకం వల్లే వస్తుందనేది ఒక వాదం, రక్తంలోనే ఉంటుందనేది ఇంకో వాదం. రెండూ సగం సగం నిజం. పిరికితనానికి వంశపారంపర్యం గణనీయంగా ఉందన్నది మాత్రం పరిశోధనల్లో పదేపదే తేలిన విషయం.

పరీక్షించడం తేలికే. యజమాని పక్కన ఉండగా ఒక కొత్త మనిషి మామూలుగా నడిచి రావాలి. వెనక స్టీలు పళ్లెం ఒకటి కింద పడేయాలి. నిబ్బరమున్న కుక్క ఉలిక్కిపడుతుంది, వెంటనే తేరుకుంటుంది, వెళ్లి పళ్లెం వాసన చూస్తుంది. తేరుకోకుండా మూలకు నక్కేదీ, తిరగబడి కరవబోయేదీ వంశానికి పనికిరావు.

ఇది ఇంటి గోల మాత్రమే కాదు. 2024 మార్చిలో కేంద్రం పిట్‌బుల్, రాట్‌వీలర్ వంటి 23 రకాల కుక్కల అమ్మకం, పెంపకం ఆపాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత పక్షాల మాట వినకుండా ఇచ్చారంటూ ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. చట్టపరంగా గట్టెక్కినా, కోపం కోసమే కుక్కల్ని ఎంచి కట్టించేవాళ్లు ఉన్నంతకాలం అలాంటి లేఖలు మళ్లీ వస్తాయి. నష్టపోయేది జాతి మొత్తం.

గుణంతో పాటు మన ఎండలనూ లెక్కలోకి తీసుకోవాలి. ఎండలు ముదిరితే 45 డిగ్రీలు తాకే ప్రాంతం మనది. డబుల్ కోట్ షెపర్డ్, చప్పిడి ముఖం పగ్ ఇక్కడ బతకడమే కష్టం. ముక్కు రంధ్రాలు మూసుకుపోయి గురకపెట్టే మగ పగ్ ఎంత ముద్దుగా ఉన్నా దాని పిల్లలకు మే నెల గడవడం గండమే. ఎండకు వీర్యం నాణ్యతా పడిపోతుంది. కుక్కలో వీర్యకణం తయారవడానికి దాదాపు రెండు నెలలు పడుతుంది గనుక, మేలో వడదెబ్బ తగిలిన మగది జూలైలోనూ చూలు నిలపలేకపోవచ్చు. ఆడకుక్క మీద నెపం వేసేముందు ఇది గుర్తుంచుకోవాలి.

తెగని వాదాలు

మొదటిది లైన్ బ్రీడింగ్. మేలైన ముత్తాత రక్తాన్ని వంశంలో నిలపడానికి దూరపు చుట్టాలను కలపడం. షో కుక్కల వాళ్లు దీన్ని సమర్థిస్తారు, జన్యుశాస్త్రజ్ఞులు వారిస్తారు. జాతి కుక్కల జబ్బులపై 2008లో బీబీసీ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ బ్రిటన్‌లో దుమారం రేపింది. మరుసటి ఏడాది అక్కడి కెన్నెల్ క్లబ్ తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్లు, తోబుట్టువుల జతలకు పుట్టిన పిల్లల్ని నమోదు చేయడం మానేసింది. నార్వే న్యాయస్థానాలు ఇంకా ముందుకెళ్లాయి. కావలియర్ జాతిని ఉన్నదున్నట్టు పెంచడం జంతు సంక్షేమ చట్టానికి విరుద్ధమని 2023లో సుప్రీంకోర్టు దాకా తేలింది.

రెండోది పరాయి రక్తం ఎక్కించడం. డాల్మేషియన్లలో యూరిక్ యాసిడ్‌కు సంబంధించిన జన్యు లోపం లేని కుక్కే మిగల్లేదు. 1973లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ షైబుల్ ఒక పాయింటర్‌తో జత కట్టించి, ఆ పిల్లల్ని తరతరాలుగా మళ్లీ డాల్మేషియన్లతో కలిపాడు. జాతి రూపం నిలిచింది, లోపం పోయింది. అయినా అమెరికన్ కెన్నెల్ క్లబ్ వాటిని ఒప్పుకోవడానికి 2011 దాకా పట్టింది. శుద్ధి అనే పట్టుదల ఎంత బలమైనదో చెప్పడానికి ఇది చాలు.

మూడోది అందరూ ఒకే మగదాని వెంట పడటం. చాంపియన్ ఒకటి ఊళ్లోకి వస్తే చుట్టుపక్కల ఆడకుక్కలన్నీ దాని దగ్గరికే. లెక్క వేసి చూడండి. 20 ఆడకుక్కలకు ఒకే మగదైతే ఆ గుంపు జన్యుపరంగా దాదాపు నాలుగు కుక్కల గుంపుతో సమానం. అవే 20 ఆడవాటికి ఐదు మగవైతే 16తో సమానం. కోదాడలో మూడేళ్లు ఒకే ల్యాబ్ రాజ్యమేలితే, నాలుగో ఏట జోడీ వెతికేవాడికి దొరికేవన్నీ దాని కొడుకులే.

నాలుగోది వయసు. కుర్రదైతే వీర్యం బాగుంటుందంటారు. నా ఓటు ఆరోగ్యంగా ఉన్న ఐదారేళ్ల మగదానికే. ఆలస్యంగా బయటపడే జబ్బుల్ని అది చాలావరకు దాటేసి ఉంటుంది. అంతకన్నా ముఖ్యంగా, దాని పిల్లలు అప్పటికి పెరిగి మన కళ్లముందు తిరుగుతుంటాయి.

మన జాతుల లెక్క వేరు

రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్‌లను జాతీయ జంతు జన్యు వనరుల సంస్థ 2020లో జాతులుగా నమోదు చేసింది. ముధోల్ దగ్గర తిమ్మాపూర్‌లో బీదర్ పశువైద్య విశ్వవిద్యాలయానికి ప్రత్యేక పరిశోధన కేంద్రమే ఉంది. తెలుగు నేలకు దక్కిన కుక్క జోనంగి. పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, మొరగడానికి బదులు సాగదీసి కూసే గొంతు. కొల్లేరు చుట్టుపక్కల బాతుల మందల్ని కాసిన కుక్క. బాతుల పని తగ్గి, చేపల చెరువులు పెరిగి, దాని సంఖ్య బాగా పడిపోయింది.

అలాంటి జాతిలో మగదాన్ని ఎంచే పద్ధతి తలకిందులవుతుంది. ల్యాబ్‌లు లక్షల్లో ఉన్నాయి కాబట్టి లోపమున్న మగవాటిని నిర్దాక్షిణ్యంగా వడగట్టొచ్చు. జోనంగిలో ఒక్క అందగాడినే ఎంచుకుని మిగతావాటిని వదిలేస్తే ఉన్న కాస్త వైవిధ్యం ఒక తరంలో పోతుంది. అక్కడ వీలైనన్ని మగవాటిని, వీలైనన్ని ఊళ్ల నుంచి, తలా ఒకటి రెండు ఈతలకు మించకుండా వాడుకోవాలి. దేశీ కుక్కల మీద మోజు పెరుగుతున్న ఈ రోజుల్లో మన పెంపకందార్లు మొదట నేర్వాల్సింది ఇది.

అసలు కట్టించాలా?

జతకు ముందు రాతపూర్వకంగా తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫీజా, పిల్లా? చూలు నిలవకపోతే తర్వాతి ఎదకు మళ్లీ ఉచితంగా ఇస్తారా? సాధారణంగా రక్తం కనపడిన తొమ్మిదో రోజు నుంచి పద్నాలుగో రోజు మధ్య సరైన అదను. కచ్చితంగా కావాలంటే ప్రొజెస్టిరాన్ పరీక్ష చేయించాలి. జతకట్టాక రెండూ ముడిపడి అరగంట దాకా ఉండవచ్చు. కంగారుపడి లాగితే రెండింటికీ గాయమే. అండం విడుదలైన నాటి నుంచి దాదాపు 63 రోజులకు ఈనుతుంది.

అంతా సరిగ్గా కుదిరినా ఒక ప్రశ్న మిగులుతుంది. పుట్టబోయే ఎనిమిది పిల్లలకు ఎనిమిది ఇళ్లు ఉన్నాయా? ‘ఒక్కసారైనా ఈనకపోతే ఆరోగ్యం పాడవుతుంది’ అన్నది మన ఊళ్లలో గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. దానికి వైద్యపరమైన ఆధారం లేదు. ఆపరేషన్ చేయించిన ఆడకుక్కకు గర్భాశయంలో చీము పట్టే ప్రమాదమే తప్పుతుంది. వీధి కుక్కల సమస్య సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రోజులివి. బైపాస్ పక్కన వదిలేసిన ల్యాబ్, స్పిట్జ్ కుక్కలు ఎవరింట్లోనో ‘క్రాసింగ్’తో పుట్టినవే.

మనకు డీఎన్‌ఏ ల్యాబు లేదు, ఎక్స్‌రే హైదరాబాద్‌లో ఉంది. అయినా మూడు ఊళ్లూ కలిపి చేయగలిగిన పరీక్ష ఒకటుంది, అది అన్నింటికన్నా నమ్మదగినది. మగ కుక్క ఇదివరకు వేసిన పిల్లల్ని వెతికి చూడటం. రెండేళ్లు నిండిన పిల్లలు ఎలా నడుస్తున్నాయి, ఎవరినైనా కరిచాయా, ఏ జబ్బుతో డాక్టర్ దగ్గరికి వెళ్లాయి అని ఆ ఇళ్లకు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. దీనికి కావలసింది ఒక్కటే, రాసిపెట్టుకునే అలవాటు. కుక్కల్ని చూసే డాక్టర్లు, కెన్నెళ్ల వాళ్లు కలిసి ఒక రిజిస్టరు పెట్టి ఏ మగదానితో ఏ ఆడదాన్ని ఎప్పుడు కట్టించారు, ఎన్ని పిల్లలు పుట్టాయి, ఎక్కడికి వెళ్లాయి, రెండేళ్లకు ఎలా ఉన్నాయి అని రాస్తే ఐదేళ్లలో ఏ ఫొటో చెప్పలేని సంగతులు అది చెబుతుంది. అప్పటిదాకా, తన కుక్క పిల్లలు ఎక్కడున్నాయో చెప్పలేని యజమాని దగ్గరికి ఆడకుక్కను తీసుకెళ్లకపోవడమే మంచిది. ఒక ఎద పోతే ఆరేడు నెలలకు ఇంకోటి వస్తుంది.